విరామం: వార్తకూ మనసుకూ మధ్య ఒక చిన్న ప్రోగ్రామ్ (ప్రాజెక్టు డైరీ)

విరామం అన్న పేరుతో ఒక చిన్న వార్తల రీడర్ రాసుకుంటున్నాను. ఎంచుకున్న కొన్ని సైట్ల నుంచి వార్తలు తెచ్చి పెడుతుంది. ముందు శీర్షిక ఒక్కటే చూపిస్తుంది. అది చదవగానే మనసుకు హాయిగా అనిపించిందా, బాధగా అనిపించిందా, రెండూ కాదా అని అడుగుతుంది. జవాబిచ్చాక కొన్ని క్షణాలు ఆగి, అప్పుడు వార్త తెరుస్తుంది. చేసేది ఇంతే. కానీ దీని వెనకున్న ఆలోచన నాకు చాలా ముఖ్యం. అందుకే పని సాగుతున్నకొద్దీ రాసి పెట్టుకుంటున్నాను.

ఆలోచన బుద్ధుడిది. ప్రతీత్యసముత్పాదంలో, అంటే ఒకదాన్ని ఆధారం చేసుకుని ఒకటి పుట్టే కారణాల గొలుసులో, 12 అంగాలు చెబుతారు. నా పనికి కావలసినవి వాటిలో వరసగా వచ్చే నాలుగు: స్పర్శ, అనుభూతి, తృష్ణ, ఉపాదానం. కంటికి ఒక శీర్షిక తగులుతుంది, అది స్పర్శ. ఆ వెంటనే ఇంపో వెగటో కలుగుతుంది, అది అనుభూతి. ఇంకా కావాలనో, వీళ్ల సంగతి తేల్చాలనో లోపల ఎగదోస్తుంది, అది తృష్ణ. నేననుకున్నదే నిజమని పట్టుకు కూర్చోవడం ఉపాదానం. మొదటి రెండూ మన చేతిలో ఉండవు. చెవి ఉన్నాక చప్పుడు వినపడుతుంది, వినపడ్డాక నచ్చడమో నచ్చకపోవడమో జరిగిపోతుంది. అనుభూతి నుంచి తృష్ణకు దాటే చోట మాత్రం ఎరుక ఉంటే ఆగొచ్చు. ఎరుకను నిలపడం గురించి బుద్ధుడి బోధ (సుత్తం) ఒకటుంది, సతిపట్ఠాన సుత్తం. అది గమనించమన్న నాలుగింటిలో, శరీరం తర్వాత రెండోది ఈ అనుభూతే.

ఇప్పటి యాప్‌లు ఆ ఆగే చోటునే చెరిపేశాయి. ఒకప్పుడు వెబ్ పేజీ చివరికొస్తే 'తర్వాతి పేజీ' అని నొక్కాలి. నొక్కాలా వద్దా అన్నది మన నిర్ణయం. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ అంతులేని స్క్రోల్ రూపొందించాక ఆ నిర్ణయం అవసరం లేకుండా పోయింది. వేలు కదుపుతూ ఉంటే చాలు, కింద ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. దాని గురించి ఆయనే తర్వాత బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. పోగొట్టుకున్న ఆ కొన్ని క్షణాలను కోడ్‌తోనే తిరిగి తెచ్చుకోవచ్చా అన్నది ఈ ప్రాజెక్టు.

ఫీడ్లు

మొదటి పని వార్తలు తెచ్చుకోవడం. దీనికి ఆర్‌ఎస్‌ఎస్‌ను మించింది నాకు కనిపించలేదు. సైట్లు తమ కొత్త వార్తల జాబితాను ప్రోగ్రాములు చదివేలా పెట్టే ఫైలు (ఫీడ్) రూపం అది. 1999లో నెట్‌స్కేప్‌లో పుట్టింది, 2002లో 2.0 వెర్షన్ వచ్చింది. 2013 జూలైలో గూగుల్ రీడర్ మూతపడినప్పుడు ఆర్‌ఎస్‌ఎస్ పని అయిపోయిందని చాలామంది అన్నారు. అది మాత్రం నిశ్శబ్దంగా నడుస్తూనే ఉంది. పాడ్‌కాస్ట్‌లు చాలావరకు నేటికీ దాని మీదే బతుకుతున్నాయి. ఫీడ్‌లో ఏ వార్త ముందు, ఏది వెనక అని నిర్ణయించే అల్గారిథమ్ ఉండదు. వాళ్లు ప్రచురించిన వరసలో మనకు అందుతుంది. ఈ ఒక్క కారణానికే దాని మీద నాకు గౌరవం.

పైథాన్‌లో ఫీడ్‌పార్సర్ లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన, మనం వాడుకునే కోడ్), నిల్వకు ఎస్‌క్యూలైట్, వేళకు నడపడానికి క్రాన్. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తెస్తుంది. మధ్యలో తెచ్చే బటన్ పెట్టలేదు, పెట్టను కూడా.

ఇక్కడ ఒక మర్యాద ఉంది. చాలా సర్వర్లు ఫైలుతో పాటు ఈట్యాగ్ అనే ఒక గుర్తు పంపుతాయి. మళ్లీ వెళ్లినప్పుడు ఆ గుర్తు చూపిస్తే, కొత్తది ఏమీ లేనప్పుడు '304, ఏమీ మారలేదు' అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది. ఫైలంతా పంపే శ్రమ ఉండదు. చాలా ప్రోగ్రాములు ఈ పాటి పట్టింపు లేకుండా నిమిషానికోసారి మొత్తం లాగేస్తుంటాయి. ఏఐ కంపెనీల క్రాలర్లు (సైట్లు తిరిగి పేజీలు లాగే ప్రోగ్రాములు) చిన్న చిన్న సైట్లను ఊపిరాడకుండా చేస్తున్నాయని వాటిని నడిపేవాళ్లు మొత్తుకుంటున్న కాలమిది. పువ్వు రంగుకూ వాసనకూ హాని చెయ్యకుండా తేనె తీసుకునే తుమ్మెదలా ముని ఊళ్లో తిరగాలని ధమ్మపదంలో ఒక గాథ ఉంది. క్రాలర్ రాసేవాళ్లందరి టేబుల్ మీదా అది ఉండాలని నా కోరిక. నా కోడ్‌లో ఆ గాథనే కామెంట్‌గా పెట్టాను.

ఒకే శీర్షిక, రెండు వరసలు

ఒకే వార్త రెండు మూడు సైట్లలో వస్తే ఒక్కసారే చూపించాలి. శీర్షికలను పోల్చి చూడటమే కదా అనిపిస్తుంది, తెలుగులో అది అంత తేలిక కాదు. కంటికి అచ్చం ఒకేలా కనపడే రెండు శీర్షికలు డేటాబేస్‌లో రెండు వేర్వేరు వరసలుగా కూర్చున్నాయి. వాటిని బైట్లుగా విడగొట్టి చూస్తే తేడా బయటపడింది. ఒకదానిలో చివరి పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు ఉంది, రెండో దానిలో లేదు. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. 'ఫేస్‌బుక్' అని రాసినప్పుడు స కింద బ ఒత్తు పడకుండా ఆపేది అదే. మాట మధ్యలో దానికి పనుంది, చివర లేదు. అయినా కొన్ని కీబోర్డులు చివర కూడా వదిలేస్తాయి.

'సైన్యం' లాంటి మాటలతో ఇంకో చిక్కు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానైనా దాచొచ్చు, ఎత్వం, దాని కింది తోక అని రెండు ముక్కలుగానైనా దాచొచ్చు. తెర మీద రెండూ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం వేరు. నార్మలైజేషన్ అనే ఒక్క ఫంక్షన్ పిలిస్తే ఈ రెండోది సర్దుకుంటుంది. మొదటిదానికి చిన్న నియమం విడిగా రాయాలి.

ఈ పనిలో 'స్త్రీ' అన్న అక్షరం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తెర మీద ఒక్క అక్షరం. లోపల చూస్తే ఆరు కోడ్‌పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకిచ్చే సంఖ్యలు): స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. యూటీఎఫ్-8లో 18 బైట్లు. ఫాంటు, హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజన్ కలిసి ఆ క్షణానికి దాన్ని అక్షరంగా నిలబెడతాయి. మెమరీలో ఎంత వెతికినా 'స్త్రీ' అనే వస్తువు ఒక్కటిగా దొరకదు. గ్రీకు రాజు మిలిందుణ్ణి నాగసేనుడనే భిక్షువు అడిగింది ఇదే: నువ్వెక్కి వచ్చిన రథం ఏది? చక్రమా, ఇరుసా, నొగలా? రాజు తడుముకుని, ఇవన్నీ కలిసిన చోట వాడుకగా పిలిచే పేరే రథం అంటాడు. నాగసేనుడు మెచ్చుకుంటాడు. లోపల విడిగా 'నేను' అనేది ఏదీ లేదనే అనాత్మ గురించి ఎన్నో వ్యాఖ్యానాలు చదివాను. నాకు అది తలలోకి దిగింది ఈ 18 బైట్ల దగ్గరే. ముక్కలు కలిసి పని చేస్తున్నాయి, దాన్ని చదువుతున్నాం, అర్థమవుతోంది. ముక్కలు కాక విడిగా మరేదో లోపల ఉండాల్సిన అవసరం ఎక్కడా పడలేదు.

మూడు మీటలు

శీర్షిక కింద మూడే మీటలు: 1 హాయి, 2 బాధ, 3 రెండూ కాదు. కోపం, భయం, అసూయ అని విడివిడిగా పెట్టమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అలా పెడితే మనసు కథ అల్లడం మొదలుపెడుతుంది. 'కోపం' అనగానే ఎవరి మీద, ఎందుకు అని వెంటబడతాం. సుత్తాలు మూడింటి దగ్గరే ఆగడం ఇందుకు బాగా పనికొస్తోంది. బుద్ధుడి బోధల సంపుటాల్లో (నికాయాల్లో) ఒకటైన మజ్ఝిమ నికాయం 18వ సుత్తంలో శిష్యుడు మహాకచ్చానుడు ఈ అల్లికను అంచెలంచెలుగా విడదీసి చూపిస్తాడు: అనుభవించినదాన్ని గుర్తుపడతాం, గుర్తుపట్టినదాన్ని తలపోస్తాం, తలపోసినదాన్ని పెంచుకుంటూ పోతాం. చివరికి పెంచుకున్నదే వచ్చి మన మీద పడుతుంది. కామెంట్ల పెట్టెలు నిండేది ఈ చివరి అంచెలోనే.

మా అక్కకు చూపించాను. రెండు శీర్షికలు చూసి, "ఏంట్రా ఇది? వార్త చూపించమంటే నా మనసెలా ఉందని అడుగుతోంది!" అంది.

"అదే అక్కా దాని పని. ఒక్క మీట నొక్కు, వార్త వస్తుంది."

నొక్కింది. మూడో శీర్షిక దగ్గర వేలు గాల్లోనే ఆగింది. "ఇది చదవకపోయినా పర్లేదురా," అని దాటేసింది. ప్రోగ్రామ్ ఏం చెయ్యాలో నేను చెప్పగలిగిన దానికంటే ఆ ఒక్క మాట బాగా చెప్పింది. 'దాటేయి' అని నాలుగో మీట అప్పటికప్పుడు చేర్చాను. దాటేసిన వార్తల లెక్క మాత్రం ఎక్కడా చూపించను. లెక్క కనపడితే అదే ఇంకో వ్యసనమవుతుంది.

చదివాక అదే ప్రశ్న మళ్లీ అడిగేలా మార్చాను. ముందు ఏమనిపించింది, తర్వాత ఏమనిపించింది, రెండూ పక్కపక్కన నిలవ ఉంటాయి. డేటాబేస్‌లో నా జవాబుల పట్టిక తిరగేస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడుతోంది. శీర్షిక దగ్గర 2 నొక్కిన వార్తల్లో చాలావాటికి, చదివాక 3 నొక్కాను. బాధంతా శీర్షికలోనే ఉంది, లోపల పెద్దగా ఏమీ లేదు. నిజంగా బాధ పెట్టే వార్తలు వేరు. యుద్ధంలో నలిగిపోయినవాళ్ల గురించి, వరదల గురించి చదివినప్పుడు ముందూ 2, తర్వాతా 2. అవి 2గానే ఉండాలి. సంయుత్త నికాయంలోని రెండు బాణాల సుత్తం మొదటి బాణం తగలదని ఎక్కడా అనదు. నొప్పి నొప్పే. ఏడుస్తూ, తిట్టుకుంటూ రెండోది మనమే గుచ్చుకోకూడదంటుంది. ఈ తేడా ప్రోగ్రామ్‌లో చెడిపోకూడదు. మనసు మొద్దుబారడానికి ఒక యంత్రం చేసి పెట్టడం నా ఉద్దేశం కాదు.

నిప్పులు చెరిగిన శీర్షికలు

తెలుగు వార్తల శీర్షికల్లో ఎవరూ మామూలుగా మాట్లాడరు. నిప్పులు చెరుగుతారు, విరుచుకుపడతారు, ఏకిపారేస్తారు, దుమ్మెత్తిపోస్తారు. ప్రతి వ్యాఖ్యా సంచలనమే, ప్రతి నిర్ణయమూ బిగ్ షాకే. లోపలికెళ్తే ఆ మనిషి అన్నది ఒక మామూలు విమర్శ.

ఈ క్రియలన్నీ ఒక పట్టికలో వేశాను. ఎదురుగా 'విమర్శించారు', 'అన్నారు', 'ఖండించారు' లాంటివి. పట్టికలో ఉన్న మాట శీర్షికలో కనపడితే చల్లబరిచిన శీర్షిక ముందు వస్తుంది. కింద సన్న అక్షరాల్లో అసలుది ఉంటుంది. అసలుది దాచకూడదని మొదట్లోనే నిర్ణయించుకున్నాను. పత్రిక ఏం రాసిందో పాఠకుడికి తెలియాలి, ఆ మాటలు ఎవరివో కూడా తెలియాలి. ఒక ఇబ్బంది ఉంది. కొన్నిసార్లు అవతలి మనిషి నిజంగానే నిప్పులు చెరుగుతాడు. అప్పుడు 'విమర్శించారు' అంటే తగ్గించి చెప్పినట్టే. దీనికి యంత్రంతో పరిష్కారం లేదు, అసలు శీర్షిక కిందే ఉంది కాబట్టి చదివేవాళ్లే తేల్చుకోవాలి.

ప్రశ్నార్థకం ఉన్న వార్తలు

శీర్షిక ప్రశ్నగా ఉంటే ఏం చెయ్యాలి? అంగుత్తర నికాయంలో ప్రశ్నలకు జవాబిచ్చే పద్ధతులు నాలుగని ఉంది. ఏకంస: సూటిగా అవుననో కాదనో చెప్పాల్సింది. విభజ్జ: విడమరిచి చెప్పాల్సింది. పటిపుచ్ఛా: తిరిగి ప్రశ్న వేసి చెప్పాల్సింది. ఠపనీయ: పక్కన పెట్టాల్సింది.

ఎన్నికల తేదీలు ప్రకటించారా అంటే ఏకంస. ఏఐ ఉద్యోగాలు తీసేస్తుందా అంటే విభజ్జ: ఏ ఉద్యోగాలు, ఏ పనులు, ఎన్నాళ్లలో అని విడగొట్టకుండా ఇచ్చే ఏ జవాబూ నిలవదు. పిల్లలకు సోషల్ మీడియా ఉండొచ్చా అంటే, ఎంత వయసు, దేనికోసం, పక్కన ఎవరున్నారు అని ముందు అడగాలి. ఆస్ట్రేలియా 16 ఏళ్లని ఒక గీత గీసింది. 2024లో చట్టం చేసి 2025 డిసెంబర్ 10 నుంచి అమలు చేస్తోంది. చట్టానికి గీత తప్పదు. కానీ ఆ గీత వయసు దగ్గర పడింది. అంతులేని స్క్రోల్ అలాగే ఉంది, 17 ఏళ్లవాళ్లకూ 70 ఏళ్లవాళ్లకూ. నాకైతే గీత గీయాల్సింది డిజైన్ దగ్గర అనిపిస్తుంది. ఇక ఈ రెండు దేశాల్లో ఎవరిది పైచెయ్యి, ఈ ఇద్దరు నాయకుల్లో ఎవరు మొనగాడు లాంటివి ఠపనీయ. నిర్మొహమాటంగా పక్కన పెట్టేయొచ్చు.

డేటాబేస్‌లో దీన్ని ఎలా దాచాలన్నది ఆసక్తిగా నడిచింది. నిజం, అబద్ధం, లేకపోతే నల్ అని మూడు విలువలతో గడిచిపోతుందని అనిపిస్తుంది. గడవదు. నల్ అంటే విలువ ఇంకా తెలియదని. రేపు తెలియొచ్చు. పక్కన పెట్టిన ప్రశ్న అలాంటిది కాదు. దాని వెంట పడకూడదని తెలిసే వదిలేశాం. 'తెలియలేదు'కూ 'వెతకను'కూ ఒకే గడి ఇస్తే, పక్కన పెట్టినవన్నీ మర్నాడు 'పెండింగ్' జాబితాలో తేలి టెన్షన్ పెడతాయి. అందుకే ప్రశ్న రకానికి విడిగా ఒక నిలువు వరస ఇచ్చాను. ఠపనీయ అని గుర్తు పెట్టిన వార్త మళ్లీ ముందుకు రాదు.

సగం సెకను

లైబ్రరీలు అప్‌డేట్ చేసే రోజు. ఈ పని చేసినప్పుడల్లా 2024 మార్చి గుర్తొస్తుంది. దాదాపు లినక్స్ సిస్టమ్‌లన్నిటిలో ఎక్కడో ఒక మూల ఉండే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో ఎవరో దొంగదారి పెట్టారు. ఏళ్లుగా దాన్ని స్వచ్ఛందంగా నెట్టుకొస్తున్న వ్యక్తి అలసటను ఆసరా చేసుకున్నారు. మారుపేరుతో చేరి, రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేసి, నమ్మకం సంపాదించి, ఆ తర్వాత విషం కలిపారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వేరే పని మీద వేగం కొలుస్తూ, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ దాదాపు సగం సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. 'ఏదోలే' అని వదిలెయ్యలేదు. తవ్వుకుంటూ వెళ్లి మార్చి 29న బయటపెట్టాడు. అప్పటికి ఆ వెర్షన్లు ముఖ్యమైన లినక్స్ పంపిణీల స్థిరమైన విడుదలల్లోకి ఇంకా చేరలేదు.

సమ్మాసతికి, అంటే సరైన ఎరుకకు, ఈ కాలంలో దీనికంటే మంచి ఉదాహరణ నేను చూడలేదు. ధ్యానం ప్రస్తావన లేదు, మతం ప్రస్తావన లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం, చిన్న తేడాను తేలిగ్గా తీసుకోకపోవడం. ప్రపంచంలోని సర్వర్లలో పెద్ద భాగం ఆ సగం సెకను మీద ఆధారపడింది.

కారణాల గొలుసు ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. నా చిన్న ప్రోగ్రామ్ కింద ఎన్ని లైబ్రరీలున్నాయో జాబితా తీయించాను. ప్రతి దాని వెనకా ఎవరో ఒకరున్నారు, చాలామంది జీతం లేకుండా చేస్తున్నారు. 'ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేదు' అన్న సూత్రం ఈ జాబితాలో అక్షరాలా అమలవుతోంది. అవసరం లేని రెండు లైబ్రరీలు తీసేశాను. ఫీడ్‌పార్సర్ నడిపేవాళ్లకు ఒక ధన్యవాదాల ఉత్తరం రాశాను, ఏ ఫిర్యాదూ లేకుండా.

పంపే బటన్

ఈ వారం పనంతా ఇక్కడే గడిచింది. వార్తను ఇంకొకరికి పంపే బటన్ పెట్టాలా? నాకు పెట్టాలనే ఉంది. మంచి వార్తను, పనికొచ్చే వార్తను పంచుకోవడం కూడా దానమే. కానీ ఎప్పుడు పంపాలి?

మజ్ఝిమ నికాయం 58వ సుత్తంలో అభయ రాజకుమారుడు బుద్ధుణ్ణి ఇరకాటంలో పెట్టాలని వస్తాడు. ఎదుటివాళ్లకు నచ్చని మాట మీరు అంటారా అని అడుగుతాడు. ఒడిలో ఉన్న పసిబిడ్డ నోట్లో రాయి ఇరుక్కుంటే ఏం చేస్తావని బుద్ధుడు తిరిగి అడుగుతాడు. రక్తం వచ్చినా సరే, వేలు పెట్టి తీస్తాను, బిడ్డ మీద జాలి ఉంది కాబట్టి అంటాడు కుమారుడు. (ఇదీ పటిపుచ్ఛా పద్ధతే.) ఆ తర్వాత బుద్ధుడు మాటలను వర్గీకరిస్తాడు. నిజమా కాదా, మేలు చేస్తుందా లేదా, వినేవాళ్లకు ఇష్టమా కాదా.

ప్రోగ్రామ్ రాసేవాళ్లకు వెంటనే తడుతుంది: మూడు ప్రశ్నలు, ఒక్కోదానికి రెండేసి జవాబులు, మొత్తం ఎనిమిది వరసలు ఉండాలి. సుత్తంలో ఆరే ఉన్నాయి. లేని రెండు ఏవో పట్టిక వేసి చూశాను. 'అబద్ధం, కానీ మేలు చేస్తుంది' అన్న వర్గం లేదు, వినడానికి ఇష్టమైనా కాకపోయినా. దాన్ని తిరస్కరించినట్టు కూడా ఎక్కడా లేదు. అలాంటిది ఒకటి ఉండొచ్చని లెక్కలోకే తీసుకోలేదు. ఉన్న ఆరింటిలో రెండే దాటతాయి: నిజమై, మేలు చేసి, నచ్చేది; నిజమై, మేలు చేసి, నచ్చనిది. ఈ రెండింటికి కూడా 'చెప్పాల్సిన సమయం తథాగతుడికి (బుద్ధుడికి) తెలుసు' అన్న షరతుంది. నిజమే అయినా మేలు చెయ్యనిది, ఎంత ఇష్టమైనదైనా ఆగిపోతుంది.

కోడ్‌గా రాస్తే నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లు రాసి, 'అబద్ధం, కానీ మేలు' అన్న ఖాళీ వరసల గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. ఎందుకంటే ఫోన్లలో తిరిగే ద్వేషమంతా ఆ రెండు గళ్లలోంచే వస్తుంది. 'ఈ వీడియో నిజమో కాదో తెలియదు, కానీ మనవాళ్లు జాగ్రత్తపడతారు కదా, పంపేద్దాం.' పాతదో, వేరే దేశానిదో అని తేలినా, 'అయితే ఏమైంది, వాళ్లు అలాంటివాళ్లే కదా' అంటారు.

మయన్మార్ గురించి రాయకుండా ఈ పేజీ ముగించలేను. బౌద్ధం ఊపిరిగా ఉన్న దేశం. బౌద్ధ గ్రంథాలను సరిచూసుకునే మహాసభల్లో ఆరోది, ఆరో సంగాయనం, 1954 నుంచి 1956 వరకు జరిగింది అక్కడే. నేను రోజూ వాడుతున్న పాలీ డిజిటల్ పాఠానికి మూలం ఆ సంగాయనంలో సరిచూసిన తిపిటకమే (పాలీ బౌద్ధ గ్రంథ సముదాయం). అదే దేశంలో ముస్లిం మైనారిటీలైన రోహింగ్యాల మీద ద్వేషం ఫేస్‌బుక్‌లో ఏళ్ల తరబడి పారింది. దానికి గొంతు కలిపినవాళ్లలో కాషాయం కట్టిన భిక్షువులు కూడా ఉన్నారు. 2017 ఆగస్టు తర్వాత 7 లక్షల మందికి పైగా ప్రాణాలు అరచేత పట్టుకుని బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2018లో ఫేస్‌బుక్ పాత్రను తప్పుబట్టింది. హింసను రెచ్చగొట్టడానికి తమ వేదికను వాడుకుంటుంటే ఆపడానికి చెయ్యాల్సినంత చెయ్యలేదని ఆ కంపెనీ కూడా అదే ఏడాది ఒప్పుకుంది.

సుత్తాలు కంఠతా వచ్చినవాళ్ల మధ్యే ఇది జరిగింది. పాలీ గాథ ఒకటి కామెంట్‌లో పెట్టుకున్నంత మాత్రాన నా ప్రోగ్రామ్ మంచిదైపోదని నాకు గట్టిగా అనిపించింది. వైరం వైరంతో చల్లారదన్న వాక్యం ఆ దేశంలో పిల్లలకు కూడా తెలుసు. తెలిసిన వాక్యానికీ షేర్ బటన్‌కూ మధ్య ఆగే చోటు లేదు.

అందుకని బటన్ ఇలా చేశాను. 'పంపు' నొక్కితే మూడు ప్రశ్నలు వస్తాయి: ఇది నిజమని ఎలా తెలుసు? అవతలివాళ్లకు దీనితో మేలేమిటి? ఇప్పుడే ఎందుకు? ప్రతిదానికీ ఒక వాక్యం టైప్ చెయ్యాలి, టిక్ పెట్టి తప్పించుకోవడానికి లేదు. మొదటి జవాబు వార్తతో పాటే వెళ్తుంది. 'ఎలా తెలుసు' అన్నది అవతలి మనిషికి కూడా కనపడితే, రాసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు.

సారాంశాలు వద్దు

వార్తలను ఏఐతో కుదించి ఇవ్వొచ్చు కదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. లాప్‌టాప్‌లోనే నడిచే చిన్న మోడల్‌తో ప్రయత్నించి చూశాను. భాష నున్నగా ఉంది. కానీ 'ఆరోపించారు' అన్నది కుదింపులో 'చేశారు' అయిపోయింది. ఎవరో ఎవరి మీదో చేసిన ఆరోపణ, ఒక్క మాట జారడంతో జరిగిన సంగతిగా మారింది. ఇలాంటి చోట నాకు రాజీ లేదు.

ఇంకో మాట కూడా ఉంది. చేతననే నేను కర్మ అంటాను, సంకల్పించాకే మనిషి మనోవాక్కాయాలతో చేస్తాడు అని బుద్ధుడు అంగుత్తర నికాయంలో చెప్పాడు. భాషా నమూనా తర్వాత వచ్చే ముక్కను అంచనా వేస్తుంది. దానికి ఎవరినీ మోసం చెయ్యాలని లేదు, మేలు చెయ్యాలనీ లేదు. అలాగని ఆ అబద్ధపు వాక్యానికి కర్త లేకుండా పోడు. దాన్ని సరిచూడకుండా పాఠకుడి ముందు పెట్టాలని సంకల్పించినవాళ్లే కర్తలు. నా ప్రోగ్రామ్‌లో అది నేనవుతాను. కాబట్టి సారాంశం లేదు, వార్త పూర్తిగా చదవాలి లేదా దాటేయాలి. మోడల్‌ను ఒక్క పనికి ఉంచుకున్నాను: ఒకే సంఘటన మీది వార్తలను ఒక గుంపుగా చేర్చడానికి. అక్కడ తప్పు జరిగినా అబద్ధం పుట్టదు, రెండు వార్తలు పక్కపక్కన పడతాయంతే.

ఆగకూడని వార్తలు

ఇంకా మిగిలింది ఒకటి. తుఫాను హెచ్చరిక వస్తే? సాయంత్రం క్రాన్ నడిచేదాకా ఆగి, 'మనసుకు ఎలా అనిపించింది' అని అడగడం ఘోరం. నోట్లో రాయి ఇరుక్కున్నప్పుడు వేచి చూడరు.

ఇలాంటి హెచ్చరికల కోసం కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అని ఒక ప్రమాణం ఉంది. 1.2 వెర్షన్ 2010లో వచ్చింది. దాని వివరాలు చదివితే ముచ్చటేసింది. ప్రతి హెచ్చరికలోనూ మూడు సంగతులు విడివిడిగా చెప్పి తీరాలి: ఎంత తొందరగా కదలాలి, ఎంత తీవ్రం, ఎంత ఖాయం. ఖాయం అన్న గడిలో కళ్లతో చూసింది, జరగొచ్చనిపించేది, జరిగే వీలున్నది, జరగకపోవచ్చు, తెలియదు అని ఐదు మెట్లు ఉన్నాయి. ఏ బ్రేకింగ్ న్యూస్ పట్టీ మీదా నేను ఈ గడి చూడలేదు. అసలు ప్రతి వార్తకూ ఇది ఉండాలి.

నిర్ణయం ఇలా తీసుకున్నాను. తొందర 'వెంటనే' అయి, తీవ్రత పై రెండు మెట్లలో ఉండి, ఖాయం పై రెండు మెట్లలో ఉంటే, ఏ ప్రశ్నా లేకుండా, ఏ ఆలస్యమూ లేకుండా, చప్పుడు చేసి మరీ తెర మీదికి వస్తుంది. మిగతావి మామూలు వరసలోనే. హెచ్చరిక ఏ ప్రాంతానికో కూడా అందులో తరచుగా బహుభుజి రూపంలో ఉంటుంది. మనమున్న చోటు దాని లోపల పడుతుందా లేదా అన్నది లెక్కగట్టాలి. పడకపోతే మోగకూడదు, ఎందుకంటే ఊరికే మోగే గంటను రెండోసారి ఎవరూ వినరు. పరీక్ష కోసం పంపే హెచ్చరికలకు విడి గుర్తు ఉంటుంది, దాన్ని ముందే వడకట్టాలి. ఈ భాగం కోడ్ వచ్చే వారం మొదలుపెడతాను. ముందు బహుభుజి లెక్క, తర్వాత చప్పుడు.